పదహారో గడి తర్వాత

ఆయన్ని అందరూ ఉరుము అనేవాళ్లు. ఎదురుపడితే ఉరుముగారూ అనేవాళ్లు, అంతే తేడా. అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఇంకెక్కడా వాడకంలో లేదు. ఎనభై మంది ఉన్న వాద్యబృందంలో అందరికన్నా వెనక, అందరికన్నా ఎత్తున నిలబడి నాలుగు పెద్ద డోళ్లు వాయించడం ఆయన పని. ఆ డోళ్లు ఎలా ఉంటాయంటారా? స్నానాలకు నీళ్లు కాచే రాగి గంగాళాల మూతికి తోలు బిగించారనుకోండి, అలా ఉంటాయి. ముప్పై ఒక్క ఏళ్లుగా ఆయన వాటి వెనకే నిలబడి ఉన్నాడు. ఆయన రెండు చేతులా వాయిస్తే ముందు వరసలో హాయిగా కునుకు తీస్తున్న పెద్దమనుషులు ఉలిక్కిపడి లేచి, చప్పట్ల వేళ అయిందేమోనని కొట్టేసేవాళ్లు.

గట్టిగా వాయించడానికేముందండీ, చెయ్యి ఎత్తి దించితే సరి. తిరకాసంతా మెత్తగా వాయించడంలో ఉంది. అందులోనూ ఉన్నపళంగా మెత్తబడటం కాదు, కొంచెం కొంచెంగా, ఎక్కడ తగ్గిందో తెలియకుండా తగ్గడం. సంగీతం రాసిన కాగితాల మీద దానికో గుర్తుంటుంది. ఎడమవైపు నోరు తెరుచుకున్న రెండు గీతలు కుడివైపు వెళ్లేకొద్దీ దగ్గరై, చివర కలిసిపోతాయి. డిమిన్యుయెండో అని దాని పెద్దింటి పేరు. వెనక వరసలవాళ్లు మాత్రం దాన్ని గరాటు అనేవాళ్లు.

ఆ ఏడాది చివరి కచేరీకి పెట్టుకున్న రచనలో ఒక గరాటు ఉంది. మామూలుది కాదు. రచన ముగింపులో ఒక్కో వాద్యమూ తప్పుకుంటుంది. ముందు బాకాలు, తర్వాత వేణువులు, తర్వాత వయొలిన్లు. ఆఖరికి ఉరుము ఒక్కడే మిగులుతాడు. కాగితం మీద నిలువు గీతల మధ్య ఇరవై నాలుగు గడులు, వాటి పొడుగునా ఒకే ఒక్క గరాటు. కింద రాసినాయన రెండే మాటలు రాసి పెట్టాడు, ‘లేకుండా పోయేవరకు’ అని. మహానుభావుడు, రాసేసి తన దారిన తాను పోయాడు. వాయించేవాడికి కదా తెలిసేది!

గురువారం రిహార్సల్లో ఆ ఇరవై నాలుగు గడులు మూడుసార్లు వాయించారు. మూడోసారి కూడా చివరికొచ్చాక బృందాన్ని నడిపించే ఆవిడ చేతిలోని సన్నటి తెల్ల పుల్లను కాగితాల మీద పెట్టేసింది. ఆ పుల్ల వల్లే ఆవిణ్ని చాటున పుల్లమ్మ అంటారు, ఎదుట మేడమ్ అంటారు. మనిషి సన్నగా ఉన్నా మాట మాత్రం బరువే.

“ఉరుముగారూ, గరాటు మూసుకోవడం లేదండీ.”

“తగ్గిస్తూనే ఉన్నాను కదా మేడమ్.”

“తగ్గిస్తున్నారు. తగ్గించి తగ్గించి ఒక చోట కూర్చుండిపోతున్నారు. అక్కణ్నుంచి ఒక్క మెట్టు దిగడం లేదు. చివరికి టక్కున ఆపేస్తున్నారు. నా మొహం మీద తలుపేసినట్టుంది.”

ఎవరూ నవ్వలేదు. నవ్వితే బాగుండేదనిపించింది ఉరుముకు. వయొలిన్లవాళ్లు తమ బూట్ల వంక చూసుకున్నారు. పక్కనే ఇత్తడి తాళాలు పట్టుకుని నిలబడే ఆయన ఉన్నాడు. నలభై ఏళ్లవాడు, ఉరుమును అన్నగారూ అని పిలుస్తాడు కాబట్టి అందరికీ తాళాల తమ్ముడైపోయాడు. అతను లేని పని కల్పించుకుని తాళాలు తుడవడం మొదలుపెట్టాడు.

అందరూ వెళ్లాక పుల్లమ్మ వాద్యాల పెట్టెలు పేర్చిన నడవలోకి వచ్చింది. “నాలుగు వారాలైంది నేనీ మాట చెప్పబట్టి. ఇంత తక్కువ వ్యవధిలో ఇంకొకరికి అప్పగించలేను కాబట్టి శనివారం మీరే వాయిస్తారు. కానీ ఆ ముగింపు కుదరకపోతే, వచ్చే సీజను నుంచి ఆ డోళ్ల దగ్గర మీ తమ్ముడు నిలబడతాడు. మీతో ఈ మాట అనాల్సి వస్తుందని నేనెప్పుడూ అనుకోలేదు.”

తిట్టి ఉంటే ఉరుముకు తేలిగ్గా ఉండేది.

అసలు సంగతి ఆవిడకు తెలియదు. ఎవరికీ తెలియదనే ఉరుము నమ్మకం. ఆయనకు మెత్తని చప్పుళ్లు వినపడటం మానేసి ఏడాదిన్నరైంది. మాటలు వినపడతాయి, బస్సు హారన్లు వినపడతాయి, బాకాలైతే భేషుగ్గా వినపడతాయి. కుళాయి చుక్కలు పడటం, పక్క మీద దుప్పటి కదలడం, గోడ గడియారం, ఇవి పోయాయి. మొదట్లో గడియారం ఆగిపోయిందనుకుని మూడుసార్లు బ్యాటరీ మార్చాడు కూడా. మూడోసారి ముల్లు కదులుతుండటం కళ్లారా చూశాక కుర్చీ దిగి, ఆ కుర్చీలోనే చాలాసేపు కూర్చుండిపోయాడు.

ఇప్పుడర్థమైంది కదా గరాటు ఎందుకు మూసుకోవడం లేదో. తనకు వినపడేంతవరకే దిగుతాడు. అంతకన్నా దిగితే చేతిలో ఏముందో తెలియదు. చీకట్లో మెట్లు దిగేవాడిలా ఆ చివరి మెట్టు మీద కాలు బిగబట్టి నిలబడిపోతాడు. తనకు చిట్టచివరి గుసగుస అనిపించేది హాల్లో కూర్చున్నవాళ్లకు ఇంకా ఉరుమే.

చెబితే? చెబితే ఏమవుతుందో ఆయనకు తెలుసు. చెవులు పోయినవాణ్ని ఏ వాద్యబృందం ఉంచుకుంటుంది? ఆ నాలుగు గంగాళాలు లేకుండా తనెవరు?

శుక్రవారం మధ్యాహ్నం ఇంట్లో మంచం మీద దిండు పెట్టుకుని సాధన చేస్తున్నాడు. డోళ్లు వాయించే పుల్లల చివర ఉన్ని ఉండలు ఉంటాయి. వాటిని ఆయనే కుట్టుకుంటాడు. ముందు రోజు రాత్రి భోజనం కాగానే ఇల్లాలి సూది తీసుకుని ఒక జత మీద ఇంకో పొర ఉన్ని కుట్టాడు, మెత్తదనం అక్కణ్నుంచైనా వస్తుందేమోనన్న ఆశతో. ఇల్లాలు అదే గదిలో మనవరాల్ని నిద్రపుచ్చుతోంది. కూతురు ఆసుపత్రిలో నర్సు. డ్యూటీకి వెళ్తూ ఎనిమిది నెలల పిల్లను అమ్మ ఒళ్లో పడేసి పోతుంది. ఆ పిల్లకు నిద్ర అంటే బద్ధవైరం. కళ్లు మూతలు పడుతుంటే ఎవరో ఆస్తి లాక్కుంటున్నట్టు గుక్కపెడుతుంది.

ఉరుము పుల్లలు ఆపి చూశాడు. ఊరికే చూశాడు, చెయ్యడానికి ఇంకేమీ తోచక.

ఇల్లాలు పక్కకు తిరిగి పడుకుని పిల్ల నడుం మీద జోకొడుతోంది. జో, జో, ఒకే లయ. చెయ్యి ఎత్తు తగ్గుతోంది. అరచెయ్యి కాస్తా వేళ్లయింది, వేళ్లు కాస్తా వేలి కొసలయ్యాయి. లయ మాత్రం చెక్కుచెదరలేదు. ఇంకాసేపటికి ఆయన కళ్లు చిట్లించి చూశాడు. చెయ్యి పిల్లకు తగలడం లేదు! వెంట్రుకవాసి ఎడంలో, గాల్లో, అదే లయలో ఆడుతోంది. అంతకన్నా విచిత్రం, పిల్ల కాలి బొటనవేలు ఆ లయకే ముడుచుకుంటోంది, తెరుచుకుంటోంది.

ఆయన ఒళ్లు జలదరించింది. నలుగురు పిల్లలు పెరిగిన ఇల్లు ఇది. ఈ చెయ్యి ఇలా ఎన్ని వేలసార్లు ఆడి ఉంటుందో. ఒక్కసారైనా చూశాడా తను!

“ఏమిటే, గాలికి జోకొడుతున్నావా?” అన్నాడు గొంతు తగ్గించి.

ఆవిడ కళ్లతోనే కసిరింది. మరో నిమిషానికి బొటనవేలు ఆగింది. ఆవిడ చెయ్యీ ఆగింది. లేచి చెంగు సర్దుకుంటూ ఆయన్ని వంటింట్లోకి లాక్కుపోయింది.

“చెయ్యి ఆపేశామని దానికి తెలియకూడదండీ. తెలిసిందా, అయిపోయామే! ఇల్లు ఎగిరిపోతుంది.”

“మరి తగలకుండా కొడితే దానికేం తెలుస్తుంది?”

“ఏమో, తెలుస్తుంది మరి. అంతవరకూ తగిలింది కదా, మిగతాది అదే కొట్టుకుంటుంది.”

“ఎప్పుడాపాలో నీకెలా తెలుస్తుంది?”

“నేనాపనండీ. ఆపాలి ఆపాలి అనుకుంటూ కొడితే చేతికి తొందరొస్తుంది, పిల్ల పసిగట్టేస్తుంది. మీరు నిద్రపుచ్చినప్పుడల్లా జరిగేది అదేగా.” నవ్వబోయి ఆగింది. ఆయన మొహంలోకి చూసింది. “ఒకటి చెప్పనా? మీకు వినపడట్లేదని నాకు తెలుసు. ఆ గడియారానికి మూడు బ్యాటరీలు మార్చారు. పాతవి పారెయ్యకుండా సొరుగులో పెట్టింది నేనే.”

ఆయనకు ముచ్చెమటలు పోశాయి. “ఎవరికైనా చెప్పావా?”

“నేనెందుకు చెప్తాను? అది మీరు చెప్పుకోవాల్సిన మాట. ఎప్పుడు చెప్తారా అని ఎదురు చూస్తున్నా.”

ఆవిడ కాఫీ గ్లాసు చేతిలో పెట్టింది. ఇద్దరూ నిలబడే తాగారు.

శనివారం సాయంత్రం ఆరింటికి హాలు నిండిపోయింది. ఎనిమిది వందల కుర్చీలు, మెట్ల మీద ఇంకో యాభై మంది. కూతురికి డ్యూటీ తప్పలేదు. పిల్లను వదిలే చోటు లేక ఇల్లాలు ఎత్తుకునే వచ్చి, ఏడిస్తే గబుక్కున బయటికి పోవచ్చని తలుపు పక్కన ఆఖరి వరసలో కూర్చుంది. అంత దూరం నుంచి కూడా ఉరుముకు ఆ పసుపుపచ్చ టోపీ కనపడింది. కనపడి గుండె గుభేలుమంది. సరిగ్గా ఆ ఇరవై నాలుగు గడుల్లో అది కేర్‌మంటే ఇక చూడక్కర్లేదు.

మిగతా కచేరీ గురించి చెప్పేదేమీ లేదు, బాగానే జరిగింది. డోళ్లవాడికి వాయించడంకన్నా లెక్కపెట్టడమే ఎక్కువ పని. వంద గడులు ఖాళీగా నిలబడి, నూటొకటో గడిలో ఒక్క దెబ్బ వెయ్యాలి. ముప్పై ఒక్క ఏళ్లలో ఉరుము లెక్క తప్పింది లేదు. జ్వరంలో తప్పలేదు, తల్లి పోయిన వారం తప్పలేదు. నిద్రలో లేపి అడిగినా ఎన్నో గడో చెబుతాడని తాళాల తమ్ముడు బయటివాళ్ల దగ్గర గొప్పలు పోయేవాడు.

బాకాలు తప్పుకున్నాయి. వేణువులు తప్పుకున్నాయి. వయొలిన్ల కమానులు తీగల మీంచి లేచాయి. ఉరుము కొత్తగా కుట్టిన పుల్లలు తీసుకున్నాడు.

ఒకటి. డోలు మీద రెండు పుల్లలూ వడివడిగా ఆడుతున్నాయి. దెబ్బకూ దెబ్బకూ మధ్య సందు లేదు, అంతా ఒకటే మోత. రెండు, మూడు. చేతుల్ని నడిమి నుంచి అంచు వైపు జరిపాడు. ఆరు, ఏడు. మోత కాస్తా మూలుగైంది. ఎనిమిదిలో అది తన చెవికి దారంలా మిగిలింది. తొమ్మిదిలో ఆ దారం తెగిపోయింది.

వచ్చేసింది ఆ మెట్టు. చేతులు రెండూ గట్టిగా కొట్టు, గట్టిగా కొట్టు అని పోరుపెట్టాయి. ఒక్క పిసరు పెంచితే చాలు, మళ్లీ వినపడుతుంది, ప్రాణం కుదుటపడుతుంది. ఆయన పెంచలేదు. మోకాలు ముందుకు జరిపి డోలు రాగి పొట్టకు ఆనించాడు. రాగి వణుకుతోంది. వినపడకపోతేనేం, ఉంది! ఆ వణుకు వెంట దిగాడు. పది, పదకొండు. ముప్పై ఒక్క ఏళ్లలో తనెన్నడూ వెళ్లని చోటికి, ఒక్కో మెట్టూ మోకాలితో తడుముకుంటూ దిగాడు. పద్నాలుగు, పదిహేను.

పదహారులో వణుకూ పోయింది.

ఇక పట్టుకోవడానికి ఏమీ లేదు. చెవి లేదు, మోకాలు లేదు. అప్పుడు ఇల్లాలి చెయ్యి కళ్ల ముందు మెదిలింది. ఆపాలని అనుకోకూడదు. అంతవరకూ తగిలింది కదా. ఆయన చేతులు అదే లయలో ఆడుతూనే ఉన్నాయి. తోలుకు తగులుతున్నాయో లేదో ఆయనకు తెలియదు. తలెత్తి హాలు వంక చూశాడు.

ఆయన జీవితంలో అలాంటిది చూడలేదు. ఎనిమిది వందల మందీ కొద్దిగా ముందుకు వంగి ఉన్నారు. ముందు వరసలో కునుకుతీసే పెద్దమనిషి చెయ్యి చెవి వెనక పెట్టుకుని, నోరు కొంచెం తెరిచి, పసివాడిలా వింటున్నాడు. విసనకర్రలా కాగితం ఊపుకుంటున్న ఒకావిడ చెయ్యి గాల్లోనే నిలిచిపోయింది. దగ్గు లేదు. కుర్చీ కదలడం లేదు. పుల్లమ్మ చేతిలోని పుల్ల గింజంత కదులుతోంది. ఆవిడ కళ్లు ఉరుము చేతుల మీద లేవు. మూసుకుని ఉన్నాయి. వాళ్లంతా వింటున్నారు. తనకు అందని దాన్నేదో వింటున్నారు, తన చేతుల్లోంచే వస్తున్నదాన్ని! ఏమిటిది దేవుడా అనుకున్నాడు. కళ్లనిండా నీళ్లు వచ్చాయి. ఆ చూడటంలో పడి లెక్క తప్పాడు. ఇరవై రెండో, ఇరవై ఆరో, ముప్పయ్యో! ముప్పై ఒక్క ఏళ్ల లెక్క ఆయన చేతుల్లోంచి జారిపోయింది, పోతే పోయిందనిపించింది.

ఎప్పటికో ఆయన చేతులు వాటంతట అవే ఆగి ఉన్నాయని గమనించాడు. పుల్లమ్మ చెయ్యి ఇంకా పైనే ఉంది. అలా ఎంతసేపో. తర్వాత అది దిగింది. అప్పుడూ ఎవరూ చప్పట్లు కొట్టలేదు. కొట్టినప్పుడు మాత్రం ఆ చప్పుడు ఉరుముకు కూడా బ్రహ్మాండంగా వినపడింది.

తెర వెనక ఒకటే వాదన. ఇరవయ్యో గడిలో ఆగిందని మొదటి వయొలిన్ ఆవిడ ఒట్టు పెట్టింది. కాదు, పుల్ల దిగేదాకా ఉందని వేణువు ఆయన. తలుపు దగ్గరి కాపలాదారు లోపలికి తొంగిచూసి, “నేను తలుపు తీస్తున్నప్పుడు కూడా మోగుతూనే ఉందండీ, అందుకే చప్పుడవకుండా మళ్లీ మూసేశాను” అన్నాడు. చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని కచేరీని రికార్డు చేసే మనిషి అప్పుడే వచ్చాడు. అతని మొహం పాలిపోయి ఉంది.

“పదహారో గడిలోనే చప్పుడు కొలిచే మిషను ముల్లు పడుకుంది. తర్వాత టేపు మీద ఏమీ లేదు. రెండుసార్లు వెనక్కి తిప్పి చూశాను.” అతను హెడ్‌ఫోన్లు మెడలోంచి తీసేశాడు. “కానీ నాకు వినపడింది. అప్పుడు నాకు వినపడిందండీ.”

తాళాల తమ్ముడు అన్నగారి చేతుల వంక చూసి, రెండు చేతులూ జోడించబోయి, సిగ్గుపడి జేబుల్లో పెట్టుకున్నాడు.

పుల్లమ్మ నడవలో ఒక వాద్యాల పెట్టె మీద కూర్చుని ఉంది. ఉరుము వెళ్లి ఎదురుగా నిలబడ్డాడు. నోరు మూసుకుంటే డోళ్లు దక్కేవి. ఆ సంగతి ఆయనకు తెలియక కాదు. కానీ హాలంతా అలా చెవులొగ్గి విన్నాక దొంగలా దాచుకోబుద్ధి కాలేదు.

“మేడమ్, ఒక మాట చెప్పాలి. నాకు తొమ్మిదో గడి నుంచి ఏమీ వినపడలేదు. ఇవాళే కాదు, ఏడాదిన్నరగా మెత్తనివేవీ వినపడటం లేదు. గరాటు మూసుకోకపోవడానికి కారణం అదే. ముందే చెప్పాల్సింది. భయపడ్డాను.”

ఆవిడ పెట్టె మీద పక్కకు జరిగి చోటిచ్చింది. ఆయన కూర్చున్నాడు.

“పదహారు తర్వాత నాకూ వినపడలేదు ఉరుముగారూ. మీ పుల్లలు తోలు మీంచి లేవడం చూశాను. అయిపోయింది, చెయ్యి దించాలి అనుకున్నాను. దించలేకపోయాను. దించితే ఆగిపోతుందని భయమేసింది. అందుకే కళ్లు మూసుకున్నాను.” ఆవిడ ఆయన వైపు తిరిగింది. “ఏమిటది?”

“తెలియదండీ. మా ఆవిడకు తెలుసేమో.”

ఆవిడ నవ్వి, కళ్లు తుడుచుకుని, మళ్లీ మామూలు పుల్లమ్మ అయిపోయింది. “సోమవారం చెవుల డాక్టరు దగ్గరికి వెళ్తున్నారు. ఇది అడగడం కాదు, చెప్పడం. పెద్ద దెబ్బలన్నీ ఇకనుంచి తమ్ముడు కొడతాడు. తోళ్ల శ్రుతి కూడా అతనే చూసుకుంటాడు. గరాటు ఉన్నచోటల్లా మీరు నిలబడాలి.”

“వినపడని నన్నా నిలబెడతారు!”

“వినపడేవాళ్లు పదహారు దగ్గరే ఆగిపోతారు” అంటూ ఆవిడ లేచి వెళ్లిపోయింది.

గేటు బయట దీపం కింద ఇల్లాలు పిల్లను భుజాన వేసుకుని నిలబడి ఉంది. పసుపుపచ్చ టోపీ పక్కకు ఒరిగిపోయింది. పిల్ల ఒళ్లు తెలియని నిద్రలో ఉంది. ఉరుము దగ్గరికి వెళ్లి, చెప్పేశానన్నట్టు తలూపాడు. ఆవిడా తలూపింది.

“చేతులెప్పుడెత్తేశారు?” అంది చిన్నగా నవ్వుతూ. ఎనిమిది వందల మందిలో ఆ మాట అడగగలిగింది ఆవిడొక్కతే.

“ఏమోనే. నాకే తెలియదు. ఇది ఏడ్చిందా?”

“ఏడవడమా! మీరొక్కరే మిగిలినప్పుడు కళ్లింతింత చేసుకుని వింది. తర్వాత నా ఒళ్లోనే పడుకుంది.” ఆవిడ పిల్ల పాదాన్ని అరచేతిలోకి తీసుకుంది. “మీ చేతులు ఆగిపోవడం నేను చూశానండీ. చప్పట్లు మొదలయ్యేదాకా దీని బొటనవేలు ఆడుతూనే ఉంది.”

ఉరుము వంగి ఆ బొటనవేలును తాకాడు. అది నిద్రలోనే ముడుచుకుని, మెల్లగా తెరుచుకుంది. పిల్ల బరువు తన భుజానికి మార్చుకుని ఆయన బస్సు స్టాపు వైపు నడిచాడు. దారి పొడుగునా ఆయన చెయ్యి పిల్ల వీపు మీద, తగిలీ తగలకుండా ఆడుతూనే ఉంది.